ఎండలో నిలిపిన కారు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



"కారు సంగతి మనకెందుకమ్మా, అది మగవాళ్ళు చూసుకుంటారు" అనే రోజులు ఎప్పుడో పోయాయి. పిల్లల్ని బడి దగ్గర దింపేదీ, కూరగాయలు తెచ్చేదీ, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళేదీ ఇవాళ చాలా ఇళ్ళల్లో ఇల్లాలే. అయినా నేను ఇంజను గురించి మాట్లాడబోవడం లేదు. కారు తలుపు తీసి కూర్చోగానే మన చేతికి తగిలేదేమిటి? తలుపు పిడి, స్టీరింగు, ఎదురుగా డ్యాష్‌బోర్డు, పక్కన గేరు కర్ర మీది గుండు. అన్నీ ప్లాస్టిక్కే. ఆ ప్లాస్టిక్ ఎంత వేడికి ఓర్చుకుంటుంది, ఎంత చలికి ఓర్చుకుంటుంది అన్నదే ఇవాళ్టి మాట.

మేముండేది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో, కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్ద చెరువున్న వూరు. ఆదివారం వచ్చిందంటే పట్నం కార్లు వరస కట్టి వస్తాయి. సాగర్ చూడబోయేవాళ్ళు కొందరు, చెరువుకట్ట దగ్గర కాసేపు ఆగేవాళ్ళు కొందరు. మే నెలలో ఎండలో కారు ఆపి, గంట తరవాత తిరిగొచ్చి తలుపు తీసేవాళ్ళని చూస్తే నాకు జాలి వేస్తుంది. పొయ్యి మీది మూకుడు మూత తీసినట్టు వేడిగాలి మొహాన కొడుతుంది. స్టీరింగు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. పైటకొంగు అడ్డం పెట్టి తిప్పే ఆవిడని కూడా చూశాను.

ఇంతకీ ఆ వేడి ఎంత? దీన్ని కొలిచి చూసినవాళ్ళున్నారు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం మన కంటే ఎక్కువ ఎండలు కాసే చోటు. అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళు టెంపే అనే వూళ్ళో వెండిరంగు కార్లు కొన్నింటిని ఎండలోనూ, కొన్నింటిని నీడలోనూ నిలిపి కొలిచారు. ఆ ఫలితాలు 2018లో ప్రచురించారు. బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో, గంటసేపు ఎండలో వున్న కారులో గాలి సగటున 47 డిగ్రీలకు చేరింది. సీట్లు 51, స్టీరింగు 53. డ్యాష్‌బోర్డు మాత్రం 69! నీడలో వున్న కార్లలో డ్యాష్‌బోర్డు 48 దగ్గర ఆగింది. అవి వెండిరంగు కార్లని మరచిపోకండి. ముదురు రంగయితే ఇంకొంచెం ఎక్కువే వుంటుంది.

గాలి కంటే డ్యాష్‌బోర్డు అంత ఎక్కువ ఎందుకు వేడెక్కుతుందంటారా? ముందు అద్దంలోంచి వచ్చే ఎండంతా నేరుగా పడేది దాని మీదే. నల్లటి వస్తువు కనుక వచ్చిన వెలుగంతా తాగేస్తుంది. వేడెక్కిన గాలికి బయటికి పోయే దారి లేదు. హైదరాబాదు బేగంపేటలో 1966 జూన్‌లో 45.5 డిగ్రీలు నమోదయింది. 1946 జనవరిలో 6.1కి దిగింది. అంటే మన ప్రాంతంలో తిరిగే కారు ఒక్క జన్మలోనే ఆరు డిగ్రీల తెల్లవారుజామునీ, డెబ్బై ఎనభై డిగ్రీల మధ్యాహ్నాన్నీ చూడవలసి వుంటుంది. పాత అంబాసిడర్‌కి ఈ బాధ తక్కువ. దాని బంపరు మెరుగుపూత వేసిన ఇనుము, దీపాల ముందు నిజమైన గాజు. ఇప్పటి కారు బరువులో ప్లాస్టిక్ సుమారు పదో వంతే గాని, ఆక్రమించే చోటు చూస్తే దాదాపు సగం అదే.

ప్లాస్టిక్ అంటే ఒకటే పదార్థం అనుకుంటాం గాని, పిండివంటలన్నీ ఒకటే అన్నట్టు వుంటుంది ఆ మాట. వంటింట్లోంచే చూద్దాం. బెల్లం పాకం వేడిచేస్తే కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, మళ్ళీ పొయ్యి మీద పెడితే మళ్ళీ కరుగుతుంది. ఇడ్లీ అలా కాదు. ఒకసారి ఉడికిన ఇడ్లీని ఎంత వేడిచేసినా తిరిగి పిండి కాదు, మాడిపోతుందంతే. ప్లాస్టిక్కుల్లోనూ ఈ రెండు జాతులున్నాయి. మన ప్రెషర్ కుక్కరు పిడి ఇడ్లీ జాతిది. 1907లో లియో బేక్లాండ్ తయారుచేసిన బేకలైటు, దాని చుట్టాలూ ఈ జాతివే. బకెట్టు, మగ్గు, టిఫిన్ డబ్బా పాకం జాతివి. కారులో కనిపించేవాటిలో చాలా భాగం ఈ పాకం జాతివే.

పాకం జాతిలో ఇంకో సంగతి వుంది. పల్లీపట్టీ చేసి చూడండి. వేడిగా వున్నప్పుడు వంచితే వంగుతుంది. చల్లారాక వంచబోతే ఫట్‌మని విరుగుతుంది. ఎండాకాలం డబ్బాలో పెడితే మెత్తబడి సాగుతుంది. బెల్లమూ అదే, పల్లీలూ అవే. మారింది వేడి ఒక్కటే. ప్లాస్టిక్‌లో పొడుగాటి అణువుల గొలుసులు ఉడికించిన సేమ్యాలా చిక్కుపడి వుంటాయి. వేడి తగిలితే ఒకదాని మీద ఒకటి జారుతాయి. చలి పెరిగితే బిగుసుకుపోతాయి. ప్రతి ప్లాస్టిక్‌కీ ఈ జారడం, బిగుసుకోవడం జరిగే హద్దులు వేరు వేరు. ఏ భాగానికి ఏ ప్లాస్టిక్ వాడాలో తేల్చేవి ఆ హద్దులే.

కారులో ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్. 1954లో ఇటలీలో నట్టా అనే శాస్త్రజ్ఞుడు దీన్ని పనికొచ్చే రూపంలో తయారుచేశాడు. 1963లో ఆయనకీ, జర్మనీకి చెందిన జీగ్లర్‌కీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. మీ ఇంట్లో టిఫిన్ డబ్బాల అడుగున త్రికోణంలో 5 అంకె వుందేమో చూడండి. వుంటే అది ఇదే. కరగడానికి 160 డిగ్రీలు దాటాలి. అయితే కరగకముందే మెత్తబడి, బరువు మోపితే వంగుతుంది. అందుకని డ్యాష్‌బోర్డుకి వాడేటప్పుడు అందులో బలపపురాయి పొడి కలుపుతారు. మొహానికి రాసుకునే పౌడరులో వుండే టాల్కే అది. మన కర్నూలు, అనంతపురం వైపు ఈ రాయి గనులున్నాయి. ఆ పొడి కలిపితే ప్లాస్టిక్ బిగువుగా నిలబడుతుంది, ఎండకి అంతగా వంగదు. మట్టిగోడకి గడ్డి ముక్కలు కలిపినట్టే అన్నమాట.

పాలీప్రొపిలీన్‌కి వేడి కంటే చలితోనే పేచీ ఎక్కువ. సున్న డిగ్రీల చుట్టుపక్కల అది పెళుసెక్కుతుంది. ఫ్రిజ్ పై అరలో, అంటే సున్నకి పద్ధెనిమిది డిగ్రీలు దిగువన వుంచిన డబ్బా తీస్తూ చెయ్యి జారవిడిస్తే పగుళ్ళివ్వడం మీకందరికీ తెలిసిందే. మరి మంచు కురిసే దేశాల్లో బంపర్లు ఎలా నిలుస్తున్నాయి? అందులో రబ్బరు కలుపుతారు. కంటికి కనపడనంత సన్నటి రబ్బరు బిందువులు ప్లాస్టిక్ అంతటా వుంటాయి. దెబ్బ తగిలినప్పుడు పగులు ముందుకి సాగకుండా అవి ఆపుతాయి. మన అమ్మాయిలూ అబ్బాయిలూ వుద్యోగాలకి వెళ్ళిన షికాగోలో 2019 జనవరి 30న సున్నకి దిగువన 31 డిగ్రీలకి పడిపోయింది. ఇబ్రహీంపట్నం ఎండలో నిలిచిన బంపరుకీ, ఆ మంచులో నిలిచిన బంపరుకీ పేరొకటే అయినా లోపలి మేళవింపు ఎవరి వూరికి తగ్గట్టు వారు చేసుకుంటారు. అమెరికాలో వున్న కూతురింటికి చలికాలంలో వెళితే, కారు మీద గడ్డకట్టిన మంచుని కర్రతో టకటకా కొట్టకండి. తలుపుల అంచున వుండే ప్లాస్టిక్ పట్టీలు ఆ చలిలో చిన్న దెబ్బకే విరుగుతాయి.

చలికి బిగుసుకుపోవడం ఎంత పని చేస్తుందో లోకమంతా ఒకసారి చూసింది. 1986 జనవరి 28న అమెరికా వాళ్ళ చాలెంజర్ అంతరిక్ష నౌక గాలిలోనే ముక్కలై ఏడుగురు చనిపోయారు. వారిలో క్రిస్టా మెకాలిఫ్ అనే బడిపంతులమ్మ కూడా వున్నారు. ఆ పొద్దున అక్కడ రెండు డిగ్రీల చలి. రాకెట్టు అతుకుల మధ్య వేడి వాయువులు బయటికి రాకుండా బిగించిన రబ్బరు వలయం ఆ చలికి తన సాగే గుణం కోల్పోయింది. ఫైన్‌మన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు విచారణ సభలో అందరి ముందూ ఆ రబ్బరు ముక్కని చిన్న బిగింపులో పెట్టి, ఐసు నీళ్ళ గ్లాసులో ముంచి తీసి చూపించాడు. వదిలిపెట్టాక కూడా అది వెంటనే పూర్వపు రూపానికి రాలేదు. కాలేజీలో పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నేను వంద సూత్రాల కంటే ఆ ఒక్క గ్లాసునే ఎక్కువ నమ్ముకుంటాను.

సరే, మళ్ళీ కారు దగ్గరికి వద్దాం. బానెట్ ఎత్తితే అక్కడి వేడి వేరు. ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళే తొంభై, నూరు డిగ్రీల దగ్గర వుంటాయి. ఆ నీళ్ళని చల్లార్చే రేడియేటరుకి రెండు వైపులా వుండే తొట్లు ఇప్పుడు చాలా కార్లలో నైలానే. మన చీరల కాలం నుంచీ వింటున్న నైలానే! 1935లో అమెరికాలో కరోథర్స్ బృందం కనిపెట్టిన నైలాన్ 66 కరగాలంటే 260 డిగ్రీలు కావాలి. దాంట్లో సన్నని గాజు నారలు కలిపితే ఇంజను పక్కన వేడిలో కూడా వంగకుండా నిలుస్తుంది. ఇంత గట్టిదయినా ఏళ్ళ తరబడి మరిగే నీళ్ళు తగిలితే బలహీనపడుతుంది. రేడియేటరులో కూలెంటు అని రంగు ద్రవం పొయ్యమంటారు. దాన్ని చెప్పిన గడువుకి మార్పించాలి. "నీళ్ళు పోస్తే చాలదా, డబ్బులు దండగ" అనే మెకానిక్కుల మాట వినకండి. వేసవిలో మా వూరి దాటి సాగర్ రోడ్డు మీద పొగలు కక్కుతూ ఆగిపోయిన కార్లని చూస్తూనే వుంటాం. ఆవిరి వస్తున్నప్పుడు ఆ మూత మాత్రం తీయవద్దు. కుక్కరు విజిల్ వేస్తుండగా మూత లాగడం లాంటిదే అది.

ఇంజను పక్కన ఇంకో పదార్థం వుంది. దాన్ని గురించి చెప్పకుండా ముందుకి వెళ్ళడం నాకిష్టం లేదు, ఎందుకంటే అది ఒక స్త్రీ చేతి చలవ. స్టెఫనీ క్వోలెక్ అనే ఆవిడ డాక్టరీ చదవాలనుకుని, అందుకు కావలసిన డబ్బు కూడబెట్టుకునేందుకని 1946లో డ్యూపాంట్ కంపెనీలో రసాయన పరిశోధకురాలిగా చేరింది. ఆ పనే నచ్చి అక్కడే వుండిపోయింది. కారు టైర్లు తేలిగ్గానూ గట్టిగానూ వుండేందుకు కొత్త నార కావాలని 1965లో వెతుకుతుండగా ఆమెకి ఒక పల్చటి, మబ్బుగా వుండే ద్రవం తయారయింది. మామూలుగా అటువంటిది పారబోస్తారు. నార తీసే యంత్రం దగ్గరున్న మనిషి కూడా ఇది పెడితే నా యంత్రం పూడుకుపోతుంది పొమ్మన్నాడు. ఆవిడ పట్టు వదలలేదు. చివరికి తీసి చూస్తే బరువుకి బరువు ఉక్కుని మించిన నార! అదే కెవ్లార్. ఇది వేడికి కరిగే జాతి కాదు. నాలుగు వందల డిగ్రీలు దాటాక గాని చెడదు. సున్నకి దిగువన 196 డిగ్రీల చలిలో కూడా పెళుసెక్కదు. బ్రేకు ప్యాడ్లలో, ఇంజను గొట్టాల్లో, బెల్టుల్లో దీన్ని వాడుతున్నారు. క్వోలెక్ 2014లో తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

సీటు బెల్టు సంగతి ఇంకా తమాషాగా వుంటుంది. అది పాలియెస్టర్. మీరు ఉతికి ఆరేసుకునే పాలియెస్టర్ చీరా, ఆ బెల్టూ, నీళ్ళ సీసా, మూడూ ఒకే పదార్థం! నారగా లాగినప్పుడు అణువులన్నీ జడ అల్లినట్టు ఒకవైపుకి సర్దుకుంటాయి. అందుకని బెల్టు ఎండకి జంకదు. కరగడానికి 250 డిగ్రీలు దాటాలి. సీసాలో ఆ సర్దుబాటు అంతగా లేదు. డెబ్బై, ఎనభై డిగ్రీలకే మెత్తబడుతుంది. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన సీసా సొట్టపడటం మీరు చూసే వుంటారు. ఎండలో వేడెక్కిన సీసాలోంచి కొన్ని పదార్థాలు నీళ్ళలోకి దిగడం పెరుగుతుంది. ఒకరోజు తాగితే కంగారు పడనక్కర లేదు గాని, అదే సీసాని వేసవంతా కారులో దొర్లిస్తూ తాగకండి. ఒక స్టీలు సీసా కొనుక్కుంటే గొడవ వుండదు. బెల్టుకి వుండే లోహపు కొక్కెం మాత్రం చురుక్కుమంటుంది. పిల్లలకి పెట్టేముందు మీ చేత్తో తాకి చూడండి.

వేడి వేరు, వెలుగు వేరు. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. డాబా మీద దండేనికి పెట్టిన ప్లాస్టిక్ క్లిప్పులు ఏడాది తిరక్కుండా చేతిలోనే పుటుక్కుమని విరుగుతాయి కదా! అది వేడి పని కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ పొడుగాటి గొలుసుల్ని ముక్కలు ముక్కలుగా తెంపుతాయి. నీళ్ళ ట్యాంకు నల్లగా ఎందుకుంటుందో తెలుసా? అందులో కలిపిన మసి ఆ కిరణాల్ని తానే మింగి లోపలి ప్లాస్టిక్‌ని కాపాడుతుంది. కార్ల కింది భాగంలో రంగు వెయ్యని నల్లటి పట్టీలు నల్లగా వుండటం కూడా అందుకే.

దీపాల ముందు అద్దం అంటాం గాని అది ఇప్పుడు గాజు కాదు, పాలీకార్బొనేట్. 145 డిగ్రీల దాకా మెత్తబడదు, రాయి తగిలినా తేలిగ్గా పగలదు. వెలుగు విషయంలోనే బలహీనం. ఎండకి పసుపెక్కుతుంది. దాన్ని ఆపడానికి పైన గట్టి పూత వేస్తారు. అయిదారేళ్ళకి ఆ పూత పోయి దీపాలు మసకబారితే టూత్‌పేస్టుతో రుద్దమని ఇరుగుపొరుగు చెబుతారు. రుద్దితే మెరుస్తుంది, నిజమే. పేస్టులోని సన్నటి పొడి పైపొరని అరగదీస్తుంది గనక మెరుస్తుంది. దానితో మిగిలిన పూత కూడా పోతుంది. కొన్నాళ్ళకే మళ్ళీ పసుపు. అరగదీసిన తరవాత కొత్త పూత వెయ్యించుకుంటేనే ఆ శ్రమ దక్కుతుంది. పెట్రోలు, థిన్నరు వంటివి మాత్రం దీపాలకీ, డ్యాష్‌బోర్డుకీ తాకించకండి. మరక పోతుందేమో గాని సన్నటి పగుళ్ళు మిగులుతాయి. సబ్బు నీళ్ళలో పిండిన మెత్తటి గుడ్డ చాలు.

"మా కారు రాత్రిపూట కిర్రుకిర్రుమంటుంది, దయ్యం పట్టిందేమో" అని మా పక్కింటి వదిన ఒకసారి నవ్వుతూ అన్నారు. దయ్యం కాదు, లెక్క. మీటరు పొడవున్న పాలీప్రొపిలీన్ పట్టీ పది డిగ్రీల నుంచి డెబ్బై డిగ్రీలకి వేడెక్కితే అయిదారు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే పొడవున్న ఇనుము ముప్పావు మిల్లీమీటరు కూడా పెరగదు. ఒకదాన్ని పట్టుకుని ఒకటి వుంటాయి గనక పగలు సాగి, రాత్రి ముడుచుకుంటూ రాసుకుంటాయి. అందుకే బంపరు పట్టీలకి వేసే రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా వుంటాయి, కదలడానికి చోటు వుండాలని. బయట మరమ్మతు చేయించినప్పుడు ఆ క్లిప్పులు తీసేసి స్క్రూలు బిగించేస్తారు కొందరు. ఒక్క వేసవి గడిస్తే ఆ స్క్రూ దగ్గర చీలిక కనిపిస్తుంది.

ఈ హద్దులన్నీ ఎలా తేలుస్తారంటే, పరీక్షలు పెట్టి. మనకి దగ్గర్లోనే చర్లపల్లి పారిశ్రామికవాడలో సీపెట్ అనే కేంద్రప్రభుత్వ సంస్థ వుంది. 1968లో మద్రాసులో మొదలై దేశమంతా శాఖలు వేసింది. ఇటువంటి చోట్ల ప్లాస్టిక్ కడ్డీని నూనె తొట్టిలో వుంచి, మధ్యలో బరువు వేలాడదీసి, నిమిషానికి రెండేసి డిగ్రీలు వేడి పెంచుతూ పోతారు. పావు మిల్లీమీటరు పైచిలుకు వంగగానే ఆ డిగ్రీ రాసుకుంటారు. చలికి మరో పరీక్ష. గడ్డకట్టించిన ముక్కని లోలకంతో కొట్టి ఎంత దెబ్బకి విరిగిందో చూస్తారు. మీ ఇంట్లో పదో తరగతి అయిన అమ్మాయి వుంటే ఒక మాట. ఆ సంస్థలో పదో తరగతి మీద చేరగల మూడేళ్ళ డిప్లొమా వుంది. అబ్బాయిలకే అని ఎవరూ రాసిపెట్టలేదు. పెనుగొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలయింది. మా మండలంలోనే ఆదిభట్లలో విమానాల, హెలికాప్టర్ల భాగాలు తయారవుతున్నాయి. ఈ చదువుకి పని దొరికే చోట్లు మునుపటి కంటే దగ్గరికే వచ్చాయి.

కారు భాగాలకి ఇన్ని పరీక్షలు జరుగుతాయి. మనం కారులో వొదిలేసి వెళ్ళేవాటికి ఎవరూ పరీక్ష పెట్టరు. డెబ్బై డిగ్రీలకి డ్యాష్‌బోర్డు చెక్కుచెదరదు. దాని మీద పెట్టిన సెంటు డబ్బా మాటేమిటి? యాభై డిగ్రీలు మించిన చోట వుంచవద్దని దాని మీదే రాసి వుంటుంది. గ్యాసు లైటరూ అంతే. పవర్‌బ్యాంకు, సెల్‌ఫోను నలభై అయిదు దాటితే దెబ్బతింటాయి. ఇన్సులిన్ మందు ముప్పై దాటితేనే బలం తగ్గడం మొదలవుతుంది. చూడటానికి మామూలుగానే వుంటుంది, వేసుకున్నా చక్కెర దిగదు. అత్తగారి మందుల సంచీ డిక్కీలో మరచిపోకండి.

అన్నిటి కంటే తక్కువ ఓర్పు వున్నది పసిపిల్లల శరీరానికి. పెద్దవాళ్ళ కంటే పిల్లల వొళ్ళు మూడు నుంచి అయిదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. వొంటి వేడి 40 డిగ్రీలు దాటితే వడదెబ్బ, 42కి చేరేసరికి ప్రాణం మీదికి వస్తుంది. మూసిన కారు మొదటి పది నిమిషాల్లోనే పదకొండు డిగ్రీల దాకా వేడెక్కగలదు. పెరగవలసిన వేడిలో అయిదింట నాలుగు వంతులు తొలి అరగంటలోనే పెరిగిపోతుంది. అద్దం రెండంగుళాలు దించి పెట్టినంత మాత్రాన పెద్ద తేడా రాదని కొలిచి చూశారు. నీడలో పెట్టాం కదా అనుకోవడానికీ లేదు. టెంపే పరిశోధకులే రెండేళ్ళ పిల్లవాడికి లెక్కవేసి చూస్తే ఎండలో గంటకీ, నీడలో రెండు గంటలకీ ప్రమాదస్థితి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో మా జిల్లాలోనే, చేవెళ్ళ మండలం దామరగిద్దలో, ఇద్దరు చిన్నారులు మూసుకుపోయిన కారులో చనిపోయారు. నెల తిరగగానే విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు. ఆడుకుంటూ ఎక్కిన పిల్లలు.

అందుకని ఇంట్లో ఆగి వున్న కారుని కూడా తాళం వేసే వుంచండి. తాళం చెవి పిల్లల చేతికి అందే మేకుకి తగిలించకండి. పిల్లలు కనపడకపోతే బావి, సంపు చూసినట్టే ముందు కారు లోపల, డిక్కీలో చూడండి. వెనక తలుపులకి పిల్లల తాళం పడివుంటే అవి లోపలి నుంచి తెరుచుకోవు. ముందు తలుపులు చాలా కార్లలో లోపలి పిడి లాగితే తెరుచుకుంటాయి. మాటలు వచ్చిన పిల్లలందరికీ ఈ ఆదివారం ఒక ఆట నేర్పండి. వెనక సీటులోంచి ముందు సీటులోకి పాకి రావడం, పిడి లాగడం, అది రాకపోతే హారను మీద రెండు చేతులూ పెట్టి నొక్కి వుంచడం. చాలా కార్లలో తాళం చెవి లేకపోయినా హారను మోగుతుంది. మీ కారులో మోగుతుందో లేదో ఇవాళ సాయంత్రమే ఒకసారి నొక్కి చూడండి. మోగకపోతే ముందు దీపాలు ఆర్పి వెలిగించే మీట చూపించండి.